ఆయాసం ఉన్న నాన్నకు పొట్టలో రక్తనాళం ఉబ్బింది... రెండింటికీ సంబంధం ఉందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 67 ఏళ్లు. వయసులో చుట్టలు కాల్చేవారు, తర్వాత సిగరెట్లకు మారారు. ఇప్పటికీ రోజుకు రెండు మూడు తాగుతారు. కొన్నేళ్లుగా సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బుకు ఇన్‌హేలర్ వాడుతున్నారు. ఈమధ్య ప్రోస్టేట్ ఇబ్బందికి పొట్ట స్కాన్ తీయిస్తే అయోర్టా 4.2 సెం.మీ. ఉబ్బిందని రిపోర్టులో రాశారు. నొప్పేమీ లేదు. ఇది ఊపిరితిత్తుల జబ్బు వల్లే వచ్చిందా? ఎప్పుడు పగులుతుందోనని ఇంటిల్లిపాదికీ భయంగా ఉంది. ఆపరేషన్‌కు మత్తిస్తే తట్టుకోలేరని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు కాస్త ధైర్యంగా ఉండండి. పొట్టలో అయోర్టా, అంటే బృహద్ధమని, మామూలుగా 2 సెం.మీ. వెడల్పు ఉంటుంది. 3 దాటితే అన్యురిజమ్ అంటాం. మగవారిలో 5.5, ఆడవారిలో 5 సెం.మీ.కు చేరేదాకా సాధారణంగా ఆపరేషన్ జోలికి వెళ్లం. 4.2 దగ్గర పగిలే అవకాశం చాలా తక్కువ. చాలామందిలో ఈ ఉబ్బు పగిలేదాకా ఏ లక్షణమూ చూపదు. మీ నాన్నగారికి వేరే పని మీద తీసిన స్కాన్‌లో ముందే దొరకడం నిజంగా మేలు.

ఇక సంబంధం సంగతి. ఊపిరితిత్తుల్లోని గాలి గదులకూ, అయోర్టా గోడకూ సాగే గుణం ఇచ్చేది ఎలాస్టిన్ అనే ఒకే పదార్థం. పొగ ఏళ్ల తరబడి లోపలికి పోతుంటే ఒంట్లో లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఆరని కుంపటిలా ఉండిపోతుంది. ఆ వాపులో తెల్లరక్తకణాలు వదిలే ఎంజైములు ఎలాస్టిన్‌ను కొరుక్కు తినేస్తాయి. ఊపిరితిత్తుల్లో అది జరిగితే గాలి గదులు సాగిపోయి ఆయాసం వస్తుంది. అయోర్టాలో జరిగితే గోడ పలచబడి, రక్తపు ఒత్తిడికి ఉబ్బుతుంది. కాబట్టి ఒకటి రెండోదాన్ని పుట్టించిందనే కంటే, రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయనడం సరైనది. అయితే సంబంధం అక్కడితో ఆగదు. బ్రిటన్‌లో చిన్న అన్యురిజమ్‌లు ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనంలో, ఊపిరి సామర్థ్యం తగ్గినవారిలో, ఇంకా పొగ తాగుతున్నవారిలో, బీపీ ఎక్కువున్నవారిలో పగిలే ముప్పు ఎక్కువని తేలింది. మీ నాన్నగారు తాగే ఆ రెండు మూడు సిగరెట్లే నన్ను 4.2 అనే అంకె కంటే ఎక్కువ కలవరపెడుతున్నాయి. ఉబ్బు పెరగకుండా ఆపే మాత్ర ఇప్పటిదాకా లేదు. పొగ మానడమొక్కటే మన చేతిలో ఉన్న మందు. ‘తగ్గించాను కదా’ అంటే చాలదు, పూర్తిగా మానాలి. సొంతంగా కాకపోతే నికోటిన్ గమ్, ప్యాచ్, మాత్రలు ఉన్నాయి. మీ ఛాతీ డాక్టర్‌ను అడగండి.

సీఓపీడీ ఉన్న ఇంట్లో తప్పక తెలియాల్సింది మరొకటుంది. దగ్గు, కఫం ముదిరినప్పుడల్లా యాంటీబయాటిక్ వాడతారు. వాటిలో లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి అయోర్టా చీలే, పగిలే ముప్పును పెంచవచ్చని 2018 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అన్యురిజమ్ ఉన్నవారికి, వేరే దారి లేకపోతే తప్ప, ఇవ్వొద్దంది. మన దగ్గర విరేచనాలకు మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ఆఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ మాత్రలోని ఆఫ్లాక్సాసిన్ కూడా ఈ మందుల కుటుంబానిదే. ప్రోస్టేట్ వల్ల మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా వీటినే ఎక్కువగా రాస్తారు. అందుకే స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో మందు పేరు చదవండి. చివర ‘ఫ్లాక్సాసిన్’ అని ఉంటే, వేసుకునే ముందు డాక్టర్‌కు అన్యురిజమ్ సంగతి చెప్పి తీరాలి. ఇన్‌హేలర్లు మాత్రం భయపడి ఆపొద్దు.

ఈ సైజుకు ఏడాదికోసారి అల్ట్రాసౌండ్ చాలు. వీలైతే అదే సెంటర్‌లో తీయించి పాత రిపోర్టు చూపించండి. కొలిచే పద్ధతి మారితే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఊరికే కనిపిస్తుంది. 5 సెం.మీ. దాటితే ఆరు నెలలకోసారి చూడాలి. ఒక్కసారి వ్యాస్క్యులర్ సర్జన్‌ను, అంటే రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టర్‌ను కూడా కలవండి. హైదరాబాద్ నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంది. బీపీ అదుపులో ఉండాలి. ఇలాంటివారికి గుండెపోటు ముప్పు కూడా ఎక్కువే కనుక కొలెస్ట్రాల్ మందు అవసరమేమో అడగండి.

మత్తు గురించి మీ బంధువుల మాటలో కొంత నిజం లేకపోలేదు. పొట్ట కోసి చేసే ఆపరేషన్ ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి భారమే. 1948లో ఐన్‌స్టీన్‌కు ఇదే ఉబ్బు ఉంటే, ఆనాటి సర్జన్ దాని చుట్టూ సెల్లోఫేన్ చుట్టగలిగారు, అంతే. 1955లో అది పగిలే ఆయన పోయారు. ఇప్పుడు గజ్జల దగ్గరి రక్తనాళంలోంచి స్టెంట్ గ్రాఫ్ట్, అంటే లోహపు జాలీ ఉన్న బట్ట గొట్టం పంపి లోపలి నుంచే గోడకు అండ కల్పిస్తున్నారు. రక్తనాళం ఆకారం అనుకూలిస్తే వెన్నుకు మత్తిచ్చి గానీ, ఆ చోట మాత్రమే మత్తిచ్చి గానీ చేయొచ్చు. తర్వాత కూడా ఏటా స్కాన్లు తప్పవు.

పొట్టలో గానీ నడుములో గానీ ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం ఉంటే 108కి ఫోన్ చేయండి. దీన్ని కిడ్నీ రాయి నొప్పి అని పొరబడటం మామూలే. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే ‘అన్యురిజమ్ ఉంది’ అని చెప్పండి. స్కాన్ రిపోర్టు ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచుకోండి.

ఇది కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ వస్తుంది. 65 దాటిన పెదనాన్నలు, బాబాయిలు ఉంటే, ముఖ్యంగా పొగ అలవాటుంటే, వారికీ ఒకసారి పొట్ట స్కాన్ తీయించండి.