కాన్పయ్యాకే అసలు కాపలా

అమ్మలూ,

నిన్ను లేబర్ రూం డ్యూటీలో వేశారని, రాత్రుళ్లు డాక్టర్ ఉండరేమోనని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ టెన్షన్ కొంచెం ఉండనీ, మనిషిని మెలకువగా ఉంచుతుంది. ఇన్నేళ్లు కాన్పుల గదిలో పనిచేసిన పెద్దమ్మగా నేను గట్టిగా చెప్పేది ఒకటే. బిడ్డ ఏడుపు వినపడగానే గదిలో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ క్షణం నుంచి నీ కళ్లు తల్లి మీదే ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2023 ఒక్క ఏడాదే సుమారు 2,60,000 మంది గర్భిణులు, బాలింతలు చనిపోయారు. రోజుకి ఏడు వందల మందికి పైనే. వాళ్లలో పదికి తొమ్మిది మందికి మించి పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల ఆడవాళ్లే. ఎక్కువమందిని తీసుకుపోయింది రక్తస్రావం, బీపీ, ఇన్ఫెక్షన్. మూడింటికీ మందులు ఎప్పటినుంచో ఉన్నాయి. అందుకే ఈ చావుల్ని తలరాత అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

రక్తస్రావం సంగతి వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు. బిడ్డ బయటికి రాగానే, లోపల ఇంకో బిడ్డ లేదని చూసుకుని, గర్భసంచి గట్టిగా ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందు నిమిషంలోపే 10 యూనిట్లు కండకి ఇంజెక్షన్‌గా ఇవ్వాలి. కాన్పు ఎంత సులువుగా జరిగినా సరే, ప్రతి తల్లికీ ఇవ్వాల్సిందే. ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వేడికి దాని బలం తగ్గిపోతుంది, కానీ చూడ్డానికి ఏ తేడా కనపడదు. అందుకని డ్యూటీలో చేరగానే ముందు ఫ్రిజ్ దగ్గరికి వెళ్లు. లోపల థర్మామీటర్ ఉందో లేదో, కరెంటు పోతే ఎంతసేపు పోతుందో తెలుసుకో. చల్లగా ఉంచే వీలే లేకపోతే అదే పని చేసే, వేడిని తట్టుకునే కార్బెటోసిన్ గానీ, మిసోప్రోస్టాల్ మాత్రలు గానీ కావాలని పైవాళ్లకి కాగితం మీద రాసి అడుగు. నోటిమాటగా అడిగితే మర్చిపోతారు.

తర్వాత రక్తాన్ని కొలువు. గుడ్డల్లోకి ఇంకిపోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే, ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా తక్కువగానే అనిపిస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో రెండు లక్షల మందికి పైగా తల్లులతో జరిగిన ఈ-మోటివ్ అధ్యయనం 2023లో వచ్చింది. అందులో కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటును తల్లి కింద పరిచి రక్తాన్ని పట్టారు. ఎక్కువ పోతోందని తెలియగానే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, గడ్డకట్టిన రక్తాన్ని కరగనివ్వని ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడినుంచి పోతోందో పరీక్ష, అన్నీ కలిపి మొదలుపెట్టారు. మామూలు పద్ధతిలో సగం కేసులే బయటపడితే, ఇక్కడ పదికి తొమ్మిది పైన బయటపడ్డాయి. తీవ్ర రక్తస్రావం, దానికోసం కడుపు కోయడం, దానివల్ల చావు, మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. వాడినవన్నీ పాత మందులే! ఒకటిచ్చి, ఆగి చూసి, ఇంకోటి ఇచ్చే అలవాటు మానుకున్నారు, అంతే. నువ్వు కూడా అలా ఆగకు. అలాంటి షీటు లేకపోతే తడిసిన గుడ్డల్ని తూకం వెయ్యి. పొడిగుడ్డల బరువు తీసేసి గ్రాముకి ఒక మిల్లీలీటరు చొప్పున లెక్కేసుకో. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రం కాన్పయిన మూడు గంటల్లోపే ఇవ్వాలి.

మొదటి రెండు గంటలూ పావుగంటకోసారి పొట్ట మీద చెయ్యి వేసి చూడు. గర్భసంచి బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే మర్దన చేస్తూనే ఇంకొకళ్లని పిలువు. మూత్రాశయం నిండి ఉన్నా గర్భసంచి సరిగ్గా ముడుచుకోదు, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు.

బీపీ గురించి రెండు మాటలు. కాన్పయిపోయింది కదా అని బీపీ చూడ్డం ఆపొద్దు, బీపీ పెరిగి వచ్చే ఫిట్స్ ఆ తర్వాత కూడా రావచ్చు. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి అని తల్లి చెబితే నీరసం అని కొట్టిపారేయకు.

ఇక బిడ్డ. తుడిచి ఆరబెట్టినా ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగ్, మాస్క్‌తో శ్వాస ఇవ్వాలి. కాన్పు మొదలవకముందే అవి చేతికందేలా పెట్టుకో. బాగున్న బిడ్డని తల్లి గుండెల మీద పడుకోబెట్టి గంటలోపు పాలు పట్టించు. బరువు తక్కువ పిల్లల్ని తల్లి ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెల మీద ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది. బిడ్డ కాస్త కుదుటపడ్డాకే మొదలుపెట్టాలని మాకు నేర్పేవాళ్లు. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టిన వెంటనే మొదలుపెట్టమంటోంది. ఊపిరి అందకపోయినా, షాక్‌లో ఉన్నా మాత్రం ముందు ఆ చికిత్సే. మీ దగ్గర ఇంకా పాత పద్ధతే నడుస్తుంటే మర్యాదగా, కానీ వదలకుండా అడుగుతూ ఉండు.

ఇంకో సంగతి, నాకు చాలా బాధ కలిగించేది. నొప్పులకి తట్టుకోలేక అరిచే ఆడమనిషిని తిట్టడం, చెయ్యి చేసుకోవడం నువ్వు చూస్తావు. నువ్వు ఆ పని చెయ్యకు, నీ ముందు చెయ్యనివ్వకు. తడ్డియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో మూడు ఆలస్యాల గురించి రాశారు: ఆస్పత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో, చేరుకోవడంలో, చేరాక వైద్యం అందడంలో. మూడోది మన చేతిలో ఉందని అందరికీ తెలుసు. మొదటిది కూడా సగం మన చేతిలోనే ఉంది. తిట్లు తిని వెళ్లినామె మళ్లీ కాన్పుకి రాదు, పక్కింటామెనీ రానివ్వదు.

పెద్దాస్పత్రికి పంపాల్సి వస్తే తెల్లారేదాకా చూద్దాం అనుకోకు. ఫిట్స్ వస్తుంటే వాటిని అదుపుచేసే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇచ్చాకే బండి ఎక్కించు. ఏ మందు ఎన్ని గంటలకి ఇచ్చావో, రక్తం ఎంత పోయిందో కాగితం మీద రాసి చేతికివ్వు. అక్కడికి ముందే ఫోన్ చెయ్యి, రక్తం గ్రూపు కూడా చెప్పు. వీలుంటే నువ్వో, నీతో పనిచేసే ఇంకో నర్సో ఆమెతో పాటు వెళ్లండి, దారి పొడుగునా పొట్ట మీద నుంచి చెయ్యి తియ్యకండి.

మొదటి వారం గడిచాక ఫోన్ చెయ్యి, ఫ్రిజ్ సంగతి ఏమైందో చెబుదువుగాని.

ఆశీస్సులతో,
పెద్దమ్మ