బైపాస్ అయ్యాక నాయన కంటతడి పెడుతున్నారు.. గుండె మళ్లీ దెబ్బతింటోందా?

ప్రశ్న: మా నాయనకు 61 ఏళ్లు. ఆదోని దగ్గర పల్లెలో పత్తి సేద్యం చేస్తారు. 5 వారాల కిందట కర్నూలులో బైపాస్ సర్జరీ అయింది. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కానీ ఇంటికొచ్చినప్పటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడరు, ఉన్నట్టుండి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. ఎడమ కాలు వాచింది. ఎద మీద ఎడమ పక్క మొద్దుబారినట్టుంది అంటున్నారు. ఏమవుతుందోనని మేం మంచం దిగనివ్వడం లేదు. గుండె మళ్లీ దెబ్బతింటోందా?
– ఒక పాఠకుడు, ఆదోని

డాక్టర్ సలహా: ఆయాసం, ఛాతీనొప్పి, జ్వరం లేకపోతే మీరు రాసినవాటిలో చాలావరకు ఆపరేషన్ తర్వాత మామూలుగా కనిపించేవే. టెన్షన్ పడకండి. మీరు వెంటనే మార్చుకోవాల్సింది ఒకటుంది. ఆయన్ను మంచానికే పరిమితం చేయకండి.

ముందు ఆ కన్నీళ్ల సంగతి. పెద్ద ఆపరేషన్, ఐసీయూలో నిద్రలేని రాత్రులు, నొప్పి, మళ్లీ పొలం పోగలనా అన్న భయం.. ఇవన్నీ కలిసి మనిషిని కుంగదీస్తాయి. బైపాస్ అయినవాళ్లలో ఇది తరచూ చూస్తుంటాం. పైగా నిన్నటిదాకా ఇంటిని నడిపిన మనిషికి ఇప్పుడు మంచినీళ్లు కూడా ఎవరో అందిస్తున్నారు. ‘మగాడివి, ఏడుస్తావా’ అని ఎవరూ అనకుండా చూడండి. చూడటానికి వచ్చిన బంధువులు ఎన్ని బ్లాకులు, ఎంత ఖర్చు అని ఒక్కొక్కరూ మొదటి నుంచి చెప్పించుకుంటారు. వాళ్లను పది నిమిషాల్లో పంపించేయండి. పత్తి ధర ఎంతుంది, ఏ చేనుకు నీళ్లు పెట్టాలి అని ఆయన్నే అడగండి. చాలామందికి ఈ దిగులు కొన్ని వారాల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా రోజంతా అలాగే ఉంటే డాక్టరుకు చెప్పండి, దీనికి మంచి చికిత్స ఉంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న మాట నోట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు.

నడక మందులాంటిదే. మీ సర్జన్ వద్దని చెప్పి ఉంటే తప్ప, ఎండెక్కకముందు, మళ్లీ సాయంత్రం ఇంటి ముందు 5 నిమిషాలతో మొదలుపెట్టించండి. రోజూ ఒకటి రెండు నిమిషాలు పెంచుతూ పోవాలి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోతుంది. ఎద నొప్పి, తల తిరగడం ఉంటే ఆగిపోవాలి. నాలుగడుగులు నడిస్తే ఆకలి, నిద్ర కూడా దారిలో పడతాయి.

జాగ్రత్త అవసరమైంది రొమ్ము ఎముకకు. దాన్ని కోసి స్టీలు తీగలతో బిగిస్తారు. పూర్తిగా అతుక్కోవడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. అందాకా నీళ్ల బిందె, పత్తి మూట, గడ్డపార ముట్టుకోనివ్వద్దు. రెండు మూడు కిలోలకు మించి ఎత్తకూడదు. లేపేటప్పుడు చంకల కింద చేతులు పెట్టి లాగుతుంటారు, అది ఎముకకు మంచిది కాదు. ఆయన పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి దించాక, మీరు వీపు వెనక చెయ్యి ఆనించి లేపండి. దగ్గు వస్తే చిన్న దిండును ఎదకు గట్టిగా హత్తుకోవాలి. బైక్ ఎప్పుడు నడపాలో సర్జనే చెప్పాలి.

బైపాస్‌కు రక్తనాళం వాచిన ఎడమ కాలి నుంచే తీసి ఉంటే వాపు కొన్ని వారాలు ఉంటుంది. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టించండి. ఎదలోపలి నుంచి కూడా ఒక ధమనిని తీసి వాడుతుంటారు, ఎడమ పక్క మొద్దుబారడం సాధారణంగా అందుకే. సర్దుకోవడానికి నెలలు పట్టొచ్చు.

ఇక పథ్యం. పప్పు, గుడ్డు, వంకాయ తింటే కుట్లకు చీము పడుతుందని చాలా ఇళ్లలో చారన్నంతోనే సరిపెడతారు. అది నిజం కాదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. కొంచెం సంగటి, పప్పు, ఉడికించిన గుడ్డు కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టండి. షుగర్ ఉంటే సంగటి ముద్ద చిన్నది చేయండి. ఊరగాయ, అప్పడం, నూనె తేలే కూరలు వద్దు. బీడీ అలవాటుంటే మళ్లీ ముట్టుకోకూడదు.

ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర ఏదీ సొంతంగా ఆపొద్దు. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు వేయడం గుండె రోగులకు ప్రమాదం.

కుట్ల దగ్గర ఎరుపు, చీము, 101 డిగ్రీల జ్వరం, ఎద ఎముక టక్‌మని కదలడం, పిక్క గట్టిపడి నొప్పి, ఒక్కరోజులో కిలో బరువు పెరగడం.. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఛాతీనొప్పి, పడుకుంటే ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం ఉంటే 108కి ఫోన్ చేయండి.

ఈ వారంలోనే ఆపరేషన్ చేసిన చోట ఒకసారి చూపించండి. డిశ్చార్జ్ కాగితం, వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ అయి ఉంటే ఫాలోఅప్ గురించి అక్కడి వైద్యమిత్రను అడగండి. డాక్టరు ముందు కూర్చున్నాక ఆయన ‘బాగానే ఉన్నా’ అంటారు. నిద్ర, దిగులు సంగతి మీరే చెప్పండి.