ఇంట్లో పడవ కట్టుకోవడానికి పర్సనల్ లోన్ ఎందుకండీ?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. నా వయసు 41. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, చేతికి 48 వేలు వస్తుంది. మా ఆవిడ స్కూలు టీచరు, జీతం 14 వేలు. ఇద్దరు పిల్లలు. అద్దె, ఫీజులతో కలిపి నెల ఖర్చు 45 వేలు, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 6 వేలు. బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. వీడియోలు చూసి చూసి, మేడ మీద 12 అడుగుల చెక్క పడవ సొంతంగా కట్టి చిలిక సరస్సులో వేయాలని ఉంది. లక్షన్నర అవుతుందని నా లెక్క. ఎఫ్‌డీ తీసేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? బావమరిది లోన్ తీసుకోవడమే మేలంటున్నాడు. తర్వాత చిలిక ఒడ్డున ఉన్న రంభలో టూరిస్టులను తిప్పితే పెట్టిన డబ్బు తిరిగొస్తుందని ఆశ.

జవాబు: రెండూ వద్దు. పడవ మాత్రం కట్టుకోండి.

మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు 2.7 లక్షలు. అంటే ఆ ఎఫ్‌డీ మిగులు డబ్బు కాదు, రేపు ఉద్యోగం పోయినా, ఆసుపత్రి పాలైనా మిమ్మల్ని ఆదుకునేది అదొక్కటే. అందులోంచి లక్షన్నర తీస్తే మిగిలేది మూడు నెలలకు కాస్త పైన. మధ్యలో తీస్తే బ్యాంకు వడ్డీ కూడా కోస్తుంది. ఇక బావమరిది గారి సలహా: 14 శాతానికి మూడేళ్ల లోన్ అయితే నెలకు సుమారు 5,130 చొప్పున కట్టాలి. వడ్డీ ఒక్కటే 34,500 దాకా అవుతుంది. ఆ డబ్బుతో మంచి ప్లైవుడ్ వస్తుంది కదండీ.

అసలు సంగతేమిటంటే, పడవను బైకులా ఒక్కరోజులో కొనేయరు. నెలల తరబడి కడతారు, డబ్బూ అలాగే విడతలుగా పోతుంది. మీకు నెలకు 11 వేలు మిగులుతోంది. జులై నుంచి 10 వేల చొప్పున ఎనిమిది నెలలు పక్కన పెడితే 80 వేలు. దానికి లోబడే పడవ కట్టాలి. అందుకే 12 అడుగులు మానేసి 8 అడుగులకు దిగండి. ప్లై షీటు పొడవే 8 అడుగులు కాబట్టి అతుకుల బాధ ఉండదు, రెండు మూడు షీట్లతో సరిపోయే నమూనాలు దొరుకుతాయి. పైగా మేడ మీద అన్నారు. 12 అడుగుల పడవ మెట్ల మలుపు తిరుగుతుందా? క్రేన్ ఖర్చు మీ లెక్కలో నాకు కనిపించలేదు. 8 అడుగులదైతే నలుగురు కుర్రాళ్లు తాళ్లతో దించేస్తారు.

వానాకాలంలో డ్రాయింగులు, పనిముట్లు, ప్లై కొని ముక్కలు కోసుకోండి. ప్లై మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి. మెరైన్ ప్లైకి ఉన్న ప్రమాణం అది, 72 గంటలు ఉడికించినా పొరలు విడకూడదు. షాపువాడి మాట మీద వదలకుండా ఒక ముక్క తెచ్చి ఇంట్లో పాత గిన్నెలో కొన్ని గంటలు మరిగించి చూడండి. అంచు విచ్చుకుంటే మిగతా షీట్లు కొనకండి. ఇక్కడ రెండు మూడు వేలు మిగుల్చుకుందామని చూస్తే పడవే పోతుంది.

ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి వాడే గట్టి జిగురు, పూత కూడా అదే), అతుకుల మీద వేసే గ్లాస్ టేపు మాత్రం దీపావళి దాటాకే కొనండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండు తుఫాన్లూ అక్టోబరులోనే మన తీరం మీద పడ్డాయి. మేడ మీద షెడ్డు సంగతి మీకే తెలియాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఎపాక్సీ మీద జిడ్డు తేలుతుంది, కడిగి ఉప్పు కాగితం పట్టందే తర్వాతి పూత అంటుకోదు. ఒకేసారి ఎక్కువ కలిపితే కప్పులోనే వేడెక్కి గడ్డకడుతుంది. అదంతా మీ డబ్బే, కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి. కొత్తవాళ్ల బడ్జెట్లు తప్పేది చెక్క దగ్గర కాదు, ఈ ఎపాక్సీ, ఉప్పు కాగితం, గ్లవ్స్, క్లాంపుల దగ్గరే. ఎండకు ఎపాక్సీ పాడవుతుంది కనుక పైన పెయింటు తప్పదు, దానికీ డబ్బు ఉంచుకోండి.

టూరిస్టుల ఆలోచన మానుకోండి. ఇంజను పెడితే 2021 నాటి ఇన్లాండ్ వెసెల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ వస్తాయి. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే వాళ్ల ప్రాణాలకు పూచీ మీదే. ఇంట్లో కట్టిన పడవను అమ్మినా పెద్దగా రాదు. దీన్ని సరదా ఖర్చు కింద రాసుకోండి, పెట్టుబడి కింద కాదు. గోపాలపూర్ సముద్రపు అలల జోలికీ వెళ్లకండి, అక్కడి నీళ్లు వేరు.

పెయింటు కంటే ముందు నలుగురికీ లైఫ్ జాకెట్లు కొనండి. మీ ఇద్దరూ ఏటా 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తుంది. అది టర్మ్ పాలసీకి (ఏ కారణంతో పోయినా ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమాకు) ప్రత్యామ్నాయం కాదు. టర్మ్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే మొదటి నెల 10 వేలు ప్లైకి కాదు, దానికి పోవాలి. చివర్లో ఐదో పదో వేలు తగ్గితే ఎఫ్‌డీని కదపకుండా, దాన్నే హామీగా పెట్టి ఓవర్‌డ్రాఫ్ట్ (వాడుకున్నంతకే వడ్డీ పడే అప్పు) అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, రెండు నెలల్లో తీర్చేయొచ్చు.