రాగిని చూడు

ప్రొద్దుటూరు

చిట్టితల్లికి తాత ఆశీస్సులు.

మిశ్రమాల లెక్క కనిపిస్తే పేజీ తిప్పేస్తున్నానని నిన్న ఫోనులో అన్నావు. నేనూ అంతే. కాకపోతే తిప్పడానికి పేజీ లేని చోట దొరికిపోయాను, మా నాన్న కుంపటి ముందు. బంగారం వ్యాపారంలో రెండో బొంబాయి అని పేరుపడ్డ ఊరు మనది, కంసాలి కొడుక్కి ఆ లెక్క తప్పుతుందా!

అప్పుడు నాకు పదిహేనేళ్లు. ఒకాయన 18 క్యారెట్ల పాత నగలు 20 గ్రాములు తెచ్చి, కరిగించి 22 క్యారెట్ల కాసులపేరు చేయమన్నాడు. మేలిమి, అంటే 24 క్యారెట్ల స్వచ్ఛమైన బంగారం, ఎంత కలపాలిరా అని నాన్న అడిగితే పది గ్రాములన్నాను. ఆయన గీటురాయి మీద నుంచి తలెత్తకుండానే "నలభై" అన్నాడు. ఉన్నదానికి రెట్టింపా! నమ్మలేదు.

రాత్రి పలక మీద వేసి చూశాను. నగల్లో మేలిమి 20లో 18/24 వంతు, అంటే 15 గ్రాములు. కలపాల్సింది ఎక్స్ అనుకుంటే:

15 + ఎక్స్ = (22/24) × (20 + ఎక్స్)

నలభయ్యే వచ్చింది. ఎందుకొచ్చిందో మాత్రం తెలియలేదు. పొద్దున నాన్న చెప్పాడు: "బంగారాన్ని కాదు, రాగిని చూడు." నగల్లో మేలిమి పోగా మిగిలిన రాగి 5 గ్రాములు. ఎంత మేలిమి పోసినా అది అయిదే. 22 క్యారెట్లలో రాగి పన్నెండో వంతు. ఆ అయిదు గ్రాములు మొత్తంలో పన్నెండో వంతు కావాలంటే మొత్తం 60 ఉండాలి. చేతిలో ఉన్నవి 20.

అందుకే లెక్క చదవగానే ఎక్స్ వెంట పడకు. ఏది మారడం లేదో ముందు వెతుకు. 3 శాతం ఉప్పున్న 40 కిలోల నీళ్లు మరిగి 5 శాతానికి వస్తే, ఉప్పు అదే 1.2 కిలోలు, మిగిలేది 24 కిలోలు. కలిసిన సరుకులు రెండూ మారే లెక్కలో మాత్రం మొత్తం బరువు ఒక వరుసలో, అసలు సరుకు ఇంకో వరుసలో రాసుకో. శాతాలను శాతాలతో కూడకు.

జవాబు వచ్చాక ఒకసారి అనుమానించు. సమానంగా 20 గ్రాముల మేలిమి కలిపినా 21 క్యారెట్లే అవుతుంది. నా పది ఎక్కడ నిలుస్తుంది?

మూసలో కరిగిస్తే తరుగు పోతుంది. పరీక్షలో తరుగు ఉండదు, ఆ సుఖం నీకుంది.

18 గ్రాముల 22 క్యారెట్ల గాజును 18 క్యారెట్లకు దించాలి. రాగి ఎంత? ఈసారి మారనిది రాగి కాదు. నాలుగు గ్రాములు రాకపోతే ఫోను చెయ్యి. మధ్యాహ్నం మూడు దాటాక చెయ్యి, అంతకుముందు నిద్రలో ఉంటాను.

తాత