సమాధానం: మీ 1795 నాణెం స్పెయిన్‌దేనా, అసలుదేనా?

మీరడిగిన 1795 వెండి నాణెం మీద స్పెయిన్ రాజు పేరున్నా అది స్పెయిన్‌లో కొట్టింది కాదండీ. వెనకవైపు ‘ఎం’ నెత్తిన బుల్లి ‘ఓ’ ఉందన్నారు కదా, అది అప్పట్లో స్పెయిన్ పాలనలో ఉన్న మెక్సికో నగరం టంకశాల గుర్తు, పక్కన ‘8ఆర్’ అంటే 8 రెయాలెస్ (నాటి స్పెయిన్ డబ్బు లెక్కలో నాణెం విలువ), ‘ఎఫ్ఎం’ అంటే వెండి నాణ్యత చూసిన పరీక్షకుల పొడి అక్షరాలు. రాజు పేరు పక్కన రోమన్ అంకె నాలుగు ‘IV’ అని కాక నాలుగు నిలువు గీతలుగా (IIII) ఉంటే కంగారు పడకండి, నాలుగో చార్లెస్ నాణేల మీద అలాగే ఉంటాయి. నాకు నచ్చనిది బరువు. దాదాపు 27 గ్రాములుండాలి, మీది 23 అంటున్నారు, పైగా అక్షరాలు పదునుగానే ఉన్నాయట, మరి అరిగిందెక్కడ? ఓసారి అంచు చూడండి: వృత్తం, దీర్ఘచతురస్రం ఒకదాని తర్వాత ఒకటిగా ఉండాలి, ఎదురెదురుగా రెండు చోట్ల ఆ వరస కాస్త ఒకదాని మీదొకటి పడి ఉండాలి. బదులుగా చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తే పోత పోసిన నకిలీయే. వెండి మంచిదేనని సరిచూసి చైనా వ్యాపారులు కొట్టిన ముద్రలున్నాయని మురిసిపోకండి, నకిలీగాళ్లు వాటినీ కొడతారు.