కదలని పింఛను గురించి ఎంపీకి ఏం రాయాలి?

ప్రశ్న: ప్రైవేటు ఫ్యాక్టరీలో 18 ఏళ్లు పనిచేసి 2014 ఏప్రిల్‌లో రిటైరయ్యాను. పీఎఫ్ ఉన్న ఉద్యోగులకు ఇచ్చే పింఛను పథకం ఈపీఎస్-95 కింద నెలకు 1,671 రూపాయలు వస్తోంది. మొదటి నెల ఎంతో ఇప్పుడూ అంతే. కనీస పింఛను 7,500 అయిపోతోందని వాట్సాప్‌లో తరచూ మెసేజీలు వస్తున్నాయి. ఆ ధైర్యంతో ఎఫ్‌డీ తీసి ఇంటికి రిపేర్లు చేయిద్దామనుకుంటున్నాను. మా సంఘం వాళ్లు ఎంపీకి వినతిపత్రం ఇస్తాం, సంతకం పెట్టమంటున్నారు. దానివల్ల ఏమైనా ఒరుగుతుందా?

జవాబు: ముందు ఎఫ్‌డీ సంగతి. దాన్ని కదపకండి. 7,500 రూపాయలు, దానిమీద డీఏ (కరువు భత్యం) అన్నది పింఛనుదారుల సంఘాల డిమాండ్. అది ప్రభుత్వ ఉత్తర్వు కాదు. పెరిగిన మొత్తం మీ పాస్‌బుక్‌లో పడేదాకా నెల లెక్కలో 1,671 అనే రాసుకోండి. పైకప్పు కారుతుంటే అదొక్కటీ బాగుచేయించండి. రంగులు తర్వాత వేయించుకోవచ్చు.

సంతకం మాత్రం తప్పకుండా పెట్టండి. అక్కడితో ఆగకుండా మీరు సొంతంగా ఇంకో ఉత్తరం కూడా రాయండి. ఇలాంటి కాగితాలు ఎవరు చదువుతారులే అని చాలామంది అనుకుంటారు. కానీ భగత్‌సింగ్ కోశ్యారీ అధ్యక్షుడిగా ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ ఈపీఎస్‌ను పరిశీలించింది ఒక పిటిషన్ వచ్చినందుకే. కనీస పింఛను 3,000 చేయాలని ఆ కమిటీ 2013లో సిఫారసు చేసింది. 2014 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వం ఇచ్చింది 1,000. సిఫారసులో అది మూడో వంతే. పదేళ్లు దాటినా ఆ అంకె కదల్లేదు. అయినా 3,000 అనే మాట పార్లమెంటు రికార్డుల్లో ఉంది కాబట్టి, దాన్ని చూపించి అడిగే హక్కు మీకుంది.

ఇక మీ అంకె చూద్దాం. మీరు రిటైరయ్యే నాటికి పింఛను లెక్కకు తీసుకునే జీతం మీద 6,500 పరిమితి ఉండేది. దాన్ని 18తో గుణించి 70తో భాగిస్తే 1,671. ఈ సూత్రంలో ధరల ఊసే లేదు. రేపు కనీస పింఛనును 1,500కి పెంచారనుకోండి, మీకు ఒక్క రూపాయి కూడా రాదు, ఎందుకంటే మీది ఇప్పటికే అంతకంటే ఎక్కువ. మరి మీ తర్వాత మీ భార్యకు? ఆమెకు వచ్చేది ఇందులో సగం, అంటే దాదాపు 835. కనీస నిబంధన ఉంది కాబట్టి 1,000 ఇస్తారు. అంటే కనీస పింఛను పెరగడం ఆమెకు అవసరం. ధరలతోపాటు పింఛను పెరగడం మీ ఇద్దరికీ అవసరం. ఉత్తరంలో ఈ రెండూ విడివిడిగా అడగండి. సంఘం వినతిపత్రంలో పదిహేను డిమాండ్లు ఉండొచ్చు, మీ కాగితంలో మాత్రం ఈ రెండే ఉండాలి.

అర పేజీ చాలు. పైన మీ పేరు, ఊరు, ఎన్నేళ్లు పనిచేశారు, మొదటి నెల ఎంత వచ్చింది, ఈ నెల ఎంత వచ్చింది. కింద ఒక నెల ఖర్చు: మందులు ఇంత, కరెంటు ఇంత, గ్యాస్ ఇంత. గుండ్రటి అంకెలు వద్దు, బిల్లులో ఉన్నదే రాయండి. మందుల షాపు బిల్లు ఒకటి జిరాక్స్ తీసి జతచేయండి. ‘వృద్ధుల కష్టాలు వర్ణనాతీతం’ లాంటి వాక్యాలు ఎంపీ ఆఫీసుకు రోజూ వస్తుంటాయి. పాస్‌బుక్‌లో 1,671, మందుల బిల్లులో 2,340 పక్కపక్కన కనిపిస్తే చదివేవాళ్లు అక్కడ ఆగుతారు (ఆ రెండో అంకె ఉదాహరణకు రాశాను, మీది మీరు వేసుకోండి).

చివర్లో ‘తగిన చర్య తీసుకోగలరు’ అని వదిలేయకండి. ‘కార్మిక శాఖను ఈ ప్రశ్న అడగండి’ అని ప్రశ్న మీరే రాసివ్వండి. సభలో ప్రశ్న వేయాలంటే ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందుకే సమావేశాలు మొదలవడానికి నెల ముందే ఉత్తరం చేరాలి. బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది. ఆ తర్వాత విరామంలో కార్మిక శాఖ పద్దును ఎంపీలతో కూడిన స్థాయీ సంఘం పరిశీలిస్తుంది. మీ ఎంపీ అందులో సభ్యులైతే అంతకంటే మంచి సమయం ఉండదు.

పింఛను నిధిలో లోటుంది, పెంచలేం అని జవాబు రావచ్చు. దానికి ఇప్పుడే సిద్ధపడండి. ఈ నిధికి ఉద్యోగి జీతం మీద యజమాని వాటా 8.33 శాతం, కేంద్రం ఇచ్చేది 1.16 శాతం. 15,000 జీతం మీద కేంద్రం వాటా నెలకు 174 రూపాయలు. పైగా ఇప్పుడిస్తున్న 1,000 కనీస పింఛనుకు తక్కువపడే సొమ్మును బడ్జెట్ నుంచే భరిస్తున్నారు. అంటే దారి ముందే ఉంది. ఆ దారిలో ఇంకెంత ఇవ్వగలరో చెప్పమని అడగడం న్యాయమైన ప్రశ్న.

ఎమ్మెల్యేకు కూడా ఇవ్వాలా అంటారేమో. ఈపీఎస్ ఆయన చేతిలో లేదు. కానీ పీఎఫ్ లేని మీ పొరుగువాళ్ల వృద్ధాప్య పింఛను విషయంలో వెళ్లాల్సింది ఆయన దగ్గరికే. 60 నుంచి 79 ఏళ్లవారికి అందులో కేంద్రం వాటా 200 రూపాయలే. మిగతాదంతా రాష్ట్రం నిర్ణయం.

ఇంకొక మాట. 70 నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు ఆస్పత్రి ఖర్చు భరిస్తారు. మీకూ ఆ వయసు వచ్చేసి ఉంటుంది. కార్డు తీసుకోకపోతే ఈ వారమే తీసుకోండి. ఆస్పత్రిలో చేరాల్సివస్తే మొదట కరిగేది మీ ఎఫ్‌డీయే.

మంత్రి ఇచ్చే లిఖితపూర్వక సమాధానాన్ని సభ వెబ్‌సైట్‌లో పెడతారు. మనవడి చేతో మనవరాలి చేతో ప్రింటు తీయించండి. ఎందుకు కుదరదన్నారో ఆ వాక్యం కింద గీత గీసి, రెండో ఉత్తరం దానిమీదే రాయండి.