కంటైనర్ ఇంటి కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయొద్దు

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. విశాఖలో ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 68 వేలు వస్తుంది. అద్దె 13 వేలతో కలిపి నెల ఖర్చు 45 వేలు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, నాన్నగారు ఉంటారు. నాన్నగారికి షుగర్ ఉంది. భీమిలి దగ్గర 200 గజాల స్థలం కొన్నాను. అందులో 40 అడుగుల పాత కంటైనర్లు రెండు పెట్టించి ఇల్లు చేయించుకుందామనుకుంటున్నాం. కొటేషన్ 14 లక్షలు. ఎఫ్‌డీలో 6 లక్షలున్నాయి. మిగతా 8 లక్షలు 14 శాతం వడ్డీతో ఐదేళ్లకు పర్సనల్ లోన్ ఇస్తామన్నారు. అద్దె మిగులుతుంది కాబట్టి ఈఎంఐకి ఇబ్బంది ఉండదు. తక్కువ పడితే నా భార్య బంగారం ఉంది. కంపెనీ ఇచ్చిన 3 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఉంది. అడ్వాన్స్ ఇచ్చేయమంటారా?

జవాబు: ఇవ్వకండి. ఈ లెక్కతో అయితే అస్సలు ఇవ్వకండి.

కంటైనర్ ఇల్లు మంచిదా కాదా అన్నది తర్వాతి మాట. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఒక్కటే. ఎఫ్‌డీలో ఉన్న 6 లక్షలను మీరు ఇంటి డబ్బుగా చూస్తున్నారు. అది మీ కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క ఆసరా. ‘చవకలో అయిపోతుంది, మూడు నెలల్లో దిగిపోవచ్చు’ అన్న మాట విని చాలామంది చేస్తున్న తప్పే ఇది. కట్టుబడి చిన్నది కదా అని అత్యవసర నిధి మొత్తం ఊడ్చి పెట్టేస్తారు.

ముందు అప్పు లెక్క చూద్దాం. 8 లక్షలకు 14 శాతం చొప్పున ఐదేళ్లకు ఈఎంఐ సుమారు 18,600 పడుతుంది. వడ్డీయే 3 లక్షల 16 వేలు దాటుతుంది. మీకు మిగిలే అద్దె 13 వేలే. పైగా ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె, ఈఎంఐ రెండూ కట్టాలి. అప్పు తీసుకున్న రోజు నుంచి అత్యవసర నిధి ఇంకా పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే ఉద్యోగం పోయినా ఈఎంఐ ఆగదు. మీరేమో సరిగ్గా ఆ రోజే దాన్ని సున్నా చేస్తున్నారు.

ఆ 14 లక్షలతో పని అయిపోతుందని కూడా అనుకోకండి. కొటేషన్ మళ్లీ తీసి చివరి పేజీ చదవండి. ‘సివిల్ పనులు, రవాణా, క్రేన్ పార్టీవే’, అంటే ఆ ఖర్చులు మీవే అన్న లైను ఉందేమో చూడండి. నేను చూసిన వాటిలో చాలావరకు ఉంది. ఖాళీ 40 అడుగుల పెట్టె ఒక్కోటి సుమారు మూడున్నర టన్నుల పైనే బరువు ఉంటుంది. ట్రైలర్ మీ వీధి మలుపు తిరగాలి, పైన కరెంటు వైర్లు అడ్డం రాకుండా క్రేన్ దాన్ని దించాలి. కింద కాంక్రీటు దిమ్మెలు, సెప్టిక్ ట్యాంకు, బోరు, మీటరు అన్నీ విడిగా అవుతాయి. రెండు పెట్టెలనూ కలిపి హాలు చేయాలంటే మధ్య గోడలు కోయాలి. ఆ గోడలు కూడా బరువు మోసేవే కాబట్టి, కోసినచోట స్టీలు బీములు పెట్టాలి. ఇదంతా చివరికి మీ ఆవిడ బంగారం మీదకు వస్తుంది. బంగారం ఎప్పుడైనా ఆసుపత్రి ఖర్చుకు అక్కరకు రావాల్సిన వస్తువు. క్రేన్ అద్దె కోసం తాకట్టు పెట్టి, ఏడాదికి తీర్చలేక వేలం నోటీసు తెచ్చుకోవడం ఏం తెలివండీ?

మీ స్థలం భీమిలి దగ్గర కాబట్టి ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మీరు విశాఖలో ఉంటే గుర్తుండే ఉంటుంది. ఊరు ఊరంతా రోజుల తరబడి కరెంటు లేక, నీళ్లు లేక అల్లాడింది. ఇల్లు దెబ్బతినే రోజే పనులూ ఆగిపోతాయి. అలాంటి నెలలో మళ్లీ అద్దె ఇంటికి మారాలి, రిపేరు చేయించాలి, ఈఎంఐ కట్టాలి, మూడూ ఒకేసారి. అందుకే అందరికీ చెప్పే ఆరు నెలల నిధి మీకు చాలదు. తొమ్మిది నెలల ఖర్చు, అంటే 4 లక్షలు పక్కన ఉండాల్సిందే. అది ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి, షేర్లలో వద్దు.

తుపాను రాకపోయినా ఖర్చు ఆగదు. కంటైనర్ గోడ రేకు మందం 2 మిల్లీమీటర్ల వరకే ఉంటుంది. దాని స్టీలు రకం వేరు. మామూలు గాలిలో పైన పట్టిన తుప్పే పొరలా గట్టిపడి లోపలి ఇనుమును కాపాడుతుంది. సముద్రపు ఉప్పు గాలిలో ఆ పొర నిలవదు. రుషికొండ వైపు నా క్లయింట్ ఒకాయన ఇలాగే చేయించుకున్నారు. మూడో ఏడు నేను వెళ్లేసరికి కిటికీ కోసం రేకు కోసిన అంచు పొడుగునా పెయింటు బొబ్బలెక్కి ఉంది. ఆయన స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే తుప్పు పెచ్చులుగా రాలి, మొన లోపలికి దిగబడింది. లోపల ఇన్సులేషన్ వెనక రేకు చెమ్మగిల్లి, అటు నుంచి కూడా తింటోంది. గీకించి, ప్రైమర్ కొట్టించి, ఎపాక్సీ పెయింటు వేయించడానికి చేతిలో డబ్బు లేక క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకున్నారు. ఆయన జీతం మీ జీతం కంటే ఎక్కువే. సముద్రం పక్కన ఇనుప ఇల్లంటే ఏటా మంచినీళ్లతో కడిగించడం, అంచులు, వెల్డింగ్ అతుకులు చూసుకోవడం, పైకప్పు మీద నీరు నిలవకుండా విడిగా షెడ్డు వేయించడం, ఇదంతా మీ నెల బడ్జెట్‌లో ఒక పద్దు కావాలి. ఎండాకాలం ఏసీ బిల్లు సరేసరి.

ఇక ఇన్సూరెన్స్. 3 లక్షల కంపెనీ పాలసీని మీరు ధీమాగా రాశారు. ఉద్యోగం మానేసినా, పోయినా అది ఆ రోజుతో పోతుంది. మీ దంపతులకు, పిల్లలకు, నలుగురికీ కలిపి సొంతంగా 10 లక్షల ఫ్లోటర్ (కుటుంబమంతా ఉమ్మడిగా వాడుకునే పాలసీ) తీసుకోండి, నాన్నగారికి విడిగా పాలసీ తీసుకోండి. షుగర్ సంగతి దాచకండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు, కాబట్టి పాలసీ ఆలస్యం చేసిన కొద్దీ ఆ గడువు తీరడమూ ఆలస్యమవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలపై జీఎస్టీ కూడా లేదు. మీ పేరున టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా, ఉందో లేదో రాయలేదు. లేకపోతే అప్పు మాటే ఎత్తకండి.

ఇంటికి కూడా బీమా ఉండాలి. భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద, అగ్నిప్రమాదం కవర్ అవుతాయి. అయితే ప్రపోజల్ ఫారంలో ఉత్త ‘ఇల్లు’ అని రాసి ఊరుకోకండి. కంటైనర్‌తో కట్టినదని రాసి, కవర్ వర్తిస్తుందని కంపెనీ నుంచి మెయిల్ తీసుకోండి. క్లెయిమ్ రోజున ఏజెంటు నోటిమాట పనికిరాదు.

కదిలించే పెట్టె కాబట్టి ప్లాన్ అప్రూవల్ అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. స్థానిక సంస్థలో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. స్థలం సముద్రానికి 500 మీటర్ల లోపు ఉంటే సీఆర్‌జెడ్ (తీరప్రాంత కట్టడాల నియంత్రణ) నిబంధనలూ చూడాలి. అప్రూవల్ లేని కట్టడానికి బ్యాంకులు సాధారణంగా హోమ్ లోన్ ఇవ్వవు. మీరు పర్సనల్ లోన్ వైపు వెళ్లడానికి కారణం ఇదే అయితే, అది అప్పు తీసుకోవద్దని చెప్పే కారణం.

మీరు చేయాల్సింది ఇది. 4 లక్షలు ముట్టుకోకండి. మిగతా 2 లక్షలకు తోడు, ప్రీమియంలు పోగా నెలకు 18 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రెండేళ్లకు 6 లక్షలు దాటుతుంది. ఈలోగా అప్రూవల్ తెచ్చుకుని, అదే ప్లాన్‌తో హోమ్ లోన్‌కు ప్రయత్నించండి. కంటైనర్‌కు బ్యాంకు కాదంటే, అంతే విస్తీర్ణంలో మామూలు స్లాబు ఇల్లు ఎంతవుతుందో కూడా కొటేషన్ తీసుకుని పక్కన పెట్టి చూడండి. వారాంతాల్లో అద్దెకిచ్చి ఈఎంఐ కట్టొచ్చని ఎవరైనా అంటే ఆ ఆదాయాన్ని లెక్కలో వేసుకోవద్దు.

కొటేషన్ ఇచ్చిన ఫ్యాబ్రికేటర్‌కు ఫోన్ చేసి ఇప్పుడు కాదని చెప్పేయండి. నాన్నగారి పాత మెడికల్ రిపోర్టులు ఒక ఫైల్లో పెట్టి, హెల్త్ పాలసీ ఫారం ఈ వారమే నింపండి.